ప్రపంచమునకు రేపు ఎంత చమురు కావలెను?
హైటెక్ సిటీ లెక్కలతో పంచాయతీ సభ్యులకు ఒక పాఠము

తెలంగాణములోని ప్రతి గ్రామ పంచాయతీకి ఒక ట్రాక్టరు, ఒక ట్రాలీ, ఒక నీళ్ల ట్యాంకరు గలవు. 2019లో ప్రారంభమైన పల్లె ప్రగతి కార్యక్రమము క్రింద ఇవి సమకూడినవి. చెత్త ఎత్తుటకును, నాటిన మొక్కలకు నీరు పోయుటకును ఈ ట్రాక్టరు తిరుగుచుండును. దాని డీజిలు ఖర్చు పంచాయతీయే భరించవలెను. బడ్జెటు తయారు చేయునపుడు డీజిలు పద్దు ఎదుట ఏ అంకె వేయవలెనో చాలమంది సభ్యులకు తోచదు. నిరుటి అంకెకు కొంత కలిపి వ్రాసి తీర్మానము చేయుట సర్వసాధారణము. అటుపిమ్మట సంవత్సరము మధ్యలో సొమ్ము చాలక ట్రాక్టరు షెడ్డులో నిలుచును. లేదా వీధి దీపములకు ఉంచిన పైకము డీజిలునకు మళ్లించవలసి వచ్చును.

పంచాయతీ తన ట్రాక్టరు కొరకు చేయు ఈ అంచనానే పెద్ద యెత్తున ప్రపంచమంతటికి చేయు సంస్థలు గలవు. రాబోవు పది ఇరువది సంవత్సరములలో ప్రపంచ ప్రజలు ఎంత చమురు కోరుదురు అనునదియే వారి ప్రశ్న. వారు ఆ లెక్క ఎట్లు వేయుదురో, అది ఎక్కడ తప్పునో తెలిసికొన్నచో, మన పద్దు వ్రాయుటలో ఆ తెలివి అక్కరకు వచ్చును.

చమురును ప్రపంచమంతట పీపాలలో కొలుతురు. ఒక పీపా, అనగా ఒక బ్యారెల్, 159 లీటర్లు. 2024లో ప్రపంచము రోజు ఒక్కింటికి సుమారు 10 కోట్ల 30 లక్షల పీపాలు వాడినది. మన దేశమునకు కావలసిన ముడి చమురులో నూటికి ఎనుబదియైదు పాళ్లకు పైగా విదేశముల నుండి కొని తెచ్చుకొనుచున్నాము.

ముందుగా అంచనా వేయుట ఎందులకు? చమురు క్షేత్రమును కనుగొని, బావులు త్రవ్వి, గొట్టములు వేసి, మొదటి పీపా బయటకు తీయుటకు అనేక సంవత్సరములు పట్టును. శుద్ధి కర్మాగారములును అట్టివే. విశాఖపట్టణములో 1957లో నెలకొల్పబడిన కర్మాగారమును ఇటీవల సంవత్సరమునకు 83 లక్షల టన్నుల శక్తి నుండి కోటి 50 లక్షల టన్నుల శక్తికి పెంచినారు. అంత డీజిలు, అంత పెట్రోలు రేపు అమ్ముడుపోవునను నమ్మకము లేనిదే ఎవరును అంత పెట్టుబడి పెట్టరు. అంచనా తక్కువైనచో సరకు చాలక ధర మండును. ఎక్కువైనచో పెట్టుబడి మన్నై పోవును. మిరప ధర చూచి ఊరంతయు మిరపయే వేసిన ఏడు ఏమి జరుగునో రైతు సభ్యులకు వేరుగా చెప్పనక్కరలేదు.

హైటెక్ సిటీలో ఒక లెక్క

కోట్ల పీపాల లెక్క ఒక్కసారిగా మనస్సునకు ఎక్కదు. కనుక మనమెరిగిన చోటు ఒకటి తీసికొందము. హైదరాబాదునకు పడమట మాదాపురము, కొండాపురము, గచ్చిబౌలి, రాయదుర్గము, నానక్‌రాంగూడ అనునవి ఒకప్పుడు పొలములు, బండలు, చెరువులు గల గ్రామములు. 1998 నవంబరు 22న మాదాపురములో సైబర్ టవర్స్ అను భవనము ప్రారంభింపబడినది. దాని చుట్టును పెరిగినదే హైటెక్ సిటీ. అక్కడి నుండి గచ్చిబౌలి మీదుగా కోకాపేట వరకు వ్యాపించిన ప్రాంతమును సైబరాబాదు అనుచున్నారు. కోకాపేట, నార్సింగి 2018 వరకు గ్రామ పంచాయతీలే. మీవలెనే అక్కడి సభ్యులును మురుగు కాలువలకు, త్రాగునీటికి తీర్మానములు వ్రాసినవారే.

రాష్ట్రములో ఐటి ఉద్యోగుల సంఖ్య 2013-14లో 3 లక్షల 23 వేలు. 2022-23 నాటికి అది 9 లక్షల 5 వేలైనదని రాష్ట్ర ప్రభుత్వ లెక్క. వీరిలో అత్యధికులు పనిచేయునది ఈ ప్రాంతములోనే. వీరందరును రోజూ ఇంటి నుండి కార్యాలయమునకు పోయి రావలెను. ఇక్కడనే చమురు లెక్క మొదలగును.

వేయిమంది ఉద్యోగులను తీసికొందము. ఈ క్రింది అంకెలు పాఠము కొరకు వేసికొన్నవే గాని సర్వే చేసి తెచ్చినవి కావు. వేయిమందిలో 500 మంది మోటారు సైకిళ్ల మీదను, 300 మంది ఒక్కొక్కరు ఒక్కొక్క కారులోను, 200 మంది బస్సులోను మెట్రో రైలులోను పోవుదురనుకొందము. రానుపోను దూరము 30 కిలోమీటర్లు. మోటారు సైకిలు లీటరునకు 45 కిలోమీటర్లు, కారు 15 కిలోమీటర్లు నడచును. మోటారు సైకిళ్లకు రోజునకు 333 లీటర్లు, కార్లకు 600 లీటర్లు, వెరసి 933 లీటర్లు. ఇది ఇంచుమించు ఆరు పీపాల పెట్రోలు.

ఈ లెక్కలో గమనింపదగినది ఒకటి కలదు. కార్లలో పోవువారు మోటారు సైకిళ్లవారి కంటె తక్కువ మంది. అయినను పెట్రోలు ఎక్కువ త్రాగునది కార్లే. కనుక రేపటి గిరాకి ఎంత అని అడిగినపుడు ఉద్యోగుల సంఖ్య పెరుగునా అనునది ఒక ప్రశ్న మాత్రమే. మోటారు సైకిలు వాడు కారు కొనునా? కారు వాడు మెట్రో ఎక్కునా? కారు లీటరునకు ఇరువది కిలోమీటర్లు నడచునా? ఇల్లు కార్యాలయమునకు చేరువగునా, దూరమగునా? వీనిలో ప్రతి ఒక్కదానికి ఒక జవాబును ముందుగా అనుకొనవలెను. అట్లు అనుకొన్న మాటలను ఈ వ్యాసములో అనుకోలు అందుము. అంచనా యనగా కొన్ని అనుకోలుల మొత్తమే.

అమీర్‌పేట నుండి హైటెక్ సిటీకి మెట్రో రైలు 2019 మార్చి 20న వచ్చినది. అదే సంవత్సరము నవంబరు 29న రాయదుర్గము వరకు సాగినది. పై లెక్కలో నూరుగురు కార్లను ఇంటనే ఉంచి మెట్రో ఎక్కినచో రోజునకు 200 లీటర్లు తగ్గును. 2019లోనే శంషాబాదు విమానాశ్రయమునకు పోవు మార్గములలో ఆర్టీసీ వారు విద్యుత్తు బస్సులు నలుబది ప్రవేశపెట్టినారు. 2024 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వము విద్యుత్తు వాహనములకు 2026 డిసెంబరు 31 వరకు రోడ్డు పన్నును, రిజిస్ట్రేషను రుసుమును మినహాయించినది. ఇట్టి ప్రతి నిర్ణయమును లెక్కలోని ఒక అంకెను మార్చును.

2020 నేర్పిన పాఠము

2020 జనవరిలో ఒక తెలివిగల లెక్కల అధికారి ఈ ప్రాంతపు పెట్రోలు గిరాకిని అంచనా వేసియుండునని ఊహింపుడు. ఉద్యోగులు ఏటేటా పెరుగుచున్నారు, ఎగుమతులు పెరుగుచున్నవి, కొత్త భవనములు లేచుచున్నవి. కనుక రాబోవు సంవత్సరమున పెట్రోలు వాడకము కూడ పెరుగునని ఆయన వ్రాసియుండును. అందులో తప్పు పట్టదగినది ఏదియు లేదు.

మార్చి 25న కరోనా కారణముగా దేశమంతట లాక్‌డౌన్ వచ్చినది. సైబరాబాదు రహదారులు నిర్మానుష్యములైనవి. ఐటి ఉద్యోగులు ఇంటి నుండియే పనిచేసినారు. చాలమంది తమ స్వగ్రామములకు వచ్చి, మన పంచాయతీల పరిధిలోనే, వేపచెట్టు క్రింద సిగ్నలు వెదకుకొనుచు పనిచేసిన సంగతి సభ్యులు ఎరిగినదే.

ఇక అంకెలు చూడుడు. రాష్ట్రములో ఐటి ఉద్యోగులు 2019-20లో 5,82,126 మంది. 2020-21లో 6,28,615 మంది. అనగా నలుబదియారు వేలమంది పెరిగినారు. ఎగుమతులు 1,28,807 కోట్ల రూపాయల నుండి 1,45,522 కోట్లకు చేరినవి. మన అధికారి ఉద్యోగుల విషయమున అనుకొన్నది అక్షరాల నిజమైనది. ఉద్యోగి రోజూ కార్యాలయమునకు పోవునని ఆయన వ్రాయకయే అనుకొన్న మాట తప్పినది. లెక్కను పడగొట్టినది ఆ వ్రాయని మాటయే. ఎవరికిని అనుమానము రాని అనుకోలే మిక్కిలి ప్రమాదకరమైనదని నా అభిప్రాయము.

దేశము మొత్తము మీద పెట్రోలియము వస్తువుల వాడకము 2019-20లో సుమారు 21 కోట్ల 40 లక్షల టన్నులుండగా 2020-21లో సుమారు 19 కోట్ల 40 లక్షల టన్నులకు పడిపోయినది. విమానములలో వాడు ఇంధనము సగమునకు పైగా తగ్గినది. అయితే వంట గ్యాసు వాడకము మాత్రము పెరిగినది. అందరును ఇంట నుండి మూడు పూటల వండుకొన్నపుడు అది సహజము. చమురు గిరాకి అనునది ఒకే మూట కాదు. పెట్రోలు, డీజిలు, గ్యాసు, విమాన ఇంధనము, ప్లాస్టిక్కులకు కావలసిన ముడిసరకు, రోడ్డు తారు ఇవి అన్నియు వేరు వేరు కారణములచే పెరుగును, తరుగును.

2020 ఏప్రిల్ 20న అమెరికాలో మరొక వింత జరిగినది. మే నెలలో సరకు అప్పగించు చమురు ఒప్పందముల ధర సున్న కంటె దిగువకు, పీపాకు మైనస్ 37 డాలర్లకు దిగినది. నిలువ చేయు తొట్లు నిండిపోగా, సరకు తీసికొని పోయినవారికి అమ్మువాడే ఎదురు డబ్బు ఇచ్చు స్థితి వచ్చినది. టమాటా రైతు బుట్టలను రోడ్డు ప్రక్కన పారబోసిన దినములు మనకు తెలియును. చమురునకు అట్టి దినము రాగలదని మాత్రము ఎవరును తలచి ఉండరు.

ఆ భయములో మరొక తొందరపాటు జరిగినది. 2020 సెప్టెంబరులో బ్రిటిషు చమురు సంస్థ బిపి ప్రచురించిన నివేదికలో భవిష్యత్తును మూడు విధములుగా చిత్రించినారు. వానిలో రెండింటియందు చమురు గిరాకి 2019 స్థాయికి ఇక ఎన్నడును తిరిగి రాదు. కాని 2023 నాటికే ప్రపంచము 2019 వాడకమును దాటిపోయినది. మన దేశమున 2023-24లో వాడకము 23 కోట్ల టన్నులను మించినది. పెరుగునన్నపుడు తగ్గినది, తగ్గునన్నపుడు పెరిగినది.

గీత గీసి పొడిగించుట

పూర్వము ఇంతకంటె పెద్ద తప్పులు జరిగినవి. 1960 నుండి 1973 వరకు ప్రపంచ చమురు వాడకము ఏటా నూటికి ఏడు వంతుల చొప్పున పెరిగినది. ఆ లెక్కన పదేండ్లకు రెట్టింపు. కాగితము మీద గీత గీసి అట్లే పైకి పొడిగించుట ఆనాటి పద్ధతి. 1973లో రోజుకు అయిదున్నర కోట్ల పీపాలు దాటిన వాడకము అదే వేగమున పెరిగినచో 2000 నాటికి 34 కోట్ల పీపాలు కావలసియుండెను. 2000లో వాస్తవముగా వాడినది సుమారు 7 కోట్ల 70 లక్షల పీపాలు. 1973లో అరబ్బు దేశములు సరఫరా నిలిపివేయుటతో ధర నాలుగు రెట్లయినది. 1979లో ఇరాను విప్లవముతో మరల పెరిగినది. జనులు చిన్న కార్లు కొన్నారు, విద్యుత్ కేంద్రములు బొగ్గునకు, అణుశక్తికి మళ్లినవి. 1979 నాటి వాడకమును తిరిగి అందుకొనుటకు పదేండ్లు పట్టినది.

దీనికి మన యింటి ఉదాహరణము కిరసనాయిలు. ఊరిలో ప్రతి యింట లాంతరు, బుడ్డి దీపము వెలిగిన కాలమును పెద్దలు మరువలేదు. ఆ రోజులలో కిరసనాయిలు గిరాకిని అంచనా వేయుమన్నచో జనాభాను, ఇండ్లను లెక్కించి అంకె వేసియుందురు. 2000 ప్రాంతమున దేశములో కిరసనాయిలు వాడకము కోటి టన్నులను దాటినది. 2023-24 నాటికి అయిదు లక్షల టన్నుల చెంతకు దిగినది. జనాభా తగ్గలేదు, ఇండ్లు తగ్గలేదు. విద్యుత్తు వచ్చినది, గ్యాసు పొయ్యి వచ్చినది. జనులకు కావలసినది వెలుతురు, ఉడికిన అన్నము. కిరసనాయిలు వాటికి ఒక సాధనము మాత్రమే. చమురు అంచనా వేయువారు ఈ భేదమును మరచినపుడెల్ల పొరపడినారు.

పారిస్ మాట, వియన్నా మాట

నేడు ప్రపంచమున ఎక్కువగా వినబడు అంచనాలు రెండు చోట్ల నుండి వచ్చును. ఒకటి పారిస్ నగరములోని అంతర్జాతీయ ఇంధన సంస్థ. ఇది 1974లో, అరబ్బుల సరఫరా నిలిచిన దెబ్బ తిన్న తరువాత, చమురు కొనెడి దేశములు కలిసి పెట్టుకొన్నది. రెండవది చమురు అమ్మెడి దేశముల కూటమి ఒపెక్. ఇది 1960లో బాగ్దాదులో పుట్టినది, దీని కార్యాలయము వియన్నాలో ఉన్నది.

పారిస్ సంస్థ 2025 జూనులో చెప్పినది: గిరాకి ఈ దశాబ్దము చివరకు రోజుకు 10 కోట్ల 55 లక్షల పీపాల వద్ద నిలిచిపోవును. అదే సంవత్సరము ఒపెక్ చెప్పినది: గిరాకి నిలువదు, 2050 నాటికి 12 కోట్ల 29 లక్షల పీపాలగును. రెండు సంస్థలలోను లెక్కలు తెలిసినవారే ఉన్నారు. ధాన్యము కొను వ్యాపారి పంట బాగుగా వచ్చుననియు, అమ్ము రైతు పంట తక్కువనియు చెప్పుట సంతలో విన్నదే. అందుచేత ఎవరి అంచనాయో ముందు చూచి, పిదప అంకెను చూడుట మంచిది. అయితే స్వార్థము ఒక్కటే కారణమనుట అన్యాయము. 2025 నవంబరులో పారిస్ సంస్థయే, నేడు అమలులోనున్న చట్టములు తప్ప కొత్తవి రానిచో గిరాకి 2050 నాటికి 11 కోట్ల 30 లక్షల పీపాలకు పెరుగునని మరొక లెక్క ప్రచురించినది. సంస్థ ఒక్కటే, అనుకోలు మారినది, అంకె మారినది.

ఈ భేదమునకు మూలము ఎక్కడనున్నదో చూతము. ప్రపంచ వాడకమును జనాభాతో భాగించినచో మనిషికి రోజుకు సుమారు రెండు లీటర్లు. అమెరికాలో సుమారు తొమ్మిదిన్నర లీటర్లు. మన దేశములో సుమారు ఆరు వందల మిల్లీలీటర్లు. గడచిన దశాబ్దములో ప్రపంచ గిరాకి పెరుగుదలలో సగమునకు పైగా చైనా వంతు. అక్కడ 2024లో అమ్ముడైన కొత్త కార్లలో దాదాపు సగము విద్యుత్తుతో ఛార్జి చేయదగినవే. కనుక అక్కడ వేగము తగ్గుచున్నది. 2030 వరకు పెరుగుదలలో అన్నిటికంటె పెద్ద భాగము భారతదేశమునదేయని పారిస్ సంస్థ 2024 ఫిబ్రవరిలో చెప్పినది. మన వాడకము 2023లో రోజుకు 54 లక్షల 80 వేల పీపాలు, 2030లో 66 లక్షల 40 వేల పీపాలగునని వారి లెక్క.

అనగా పారిస్‌లోను, వియన్నాలోను కూర్చున్నవారు ఊహింపజూచుచున్నది మన బిడ్డల నడవడినే. మన ఊరి నుండి పోయి గచ్చిబౌలిలో ఉద్యోగము చేయు యువకుడు మోటారు సైకిలు నుండి కారునకు మారునపుడు పెట్రోలు కారు కొనునా, విద్యుత్తు కారు కొనునా? కోకాపేటలో ఇల్లు తీసికొనునా, అరువది కిలోమీటర్ల అవతల నుండి రోజూ వచ్చునా? ఆరు వందల మిల్లీలీటర్లు రెండు లీటర్లగునా కాదా అనునది ఇట్టివారి నిర్ణయముల మీద ఆధారపడియున్నది. ఆ యువకునికే ఇంకను తెలియని సంగతిని రెండు సంస్థలు రెండు విధములుగా అనుకొన్నవి.

మన డీజిలు పద్దు

ఇక మన ట్రాక్టరు వద్దకు వత్తము. రోజునకు మూడు గంటలు, గంటకు మూడు లీటర్లు, నెలకు 25 దినములు పనిచేయుననుకొన్నచో నెలకు 225 లీటర్లు, సంవత్సరమునకు 2,700 లీటర్లు. లీటరు 96 రూపాయలనుకొన్నచో ఏటా 2,59,200 రూపాయలు. మీ ఊరి అంకెలు వేరుగా నుండును. ట్రాక్టరు డ్రైవరు వద్ద లాగు పుస్తకము తెప్పించి, అందున్న గంటలనే వేయవలెను. వేసవిలో ట్యాంకరు ఎక్కువ తిరుగును గనుక ఏప్రిల్, మే నెలలకు వేరుగా లెక్క కట్టుట మేలు.

ఇప్పుడు రెండు మార్పులు చేసి చూడుడు. డీజిలు లీటరునకు పది రూపాయలు పెరిగినచో ఖర్చు 27,000 రూపాయలు పెరుగును. ఇది మన చేతిలో లేదు. పారిస్, వియన్నాల వారి చేతిలోను లేదు. రెండవ మార్పు: ఇంటింట తడి చెత్తను, పొడి చెత్తను వేరు చేసి, తడి చెత్తను ఊరిలోనే ఎరువు గుంటలలో వేసినందున ట్రాక్టరు తిరుగుడు మూడవ వంతు తగ్గినదనుకొందము. అపుడు 1,800 లీటర్లు చాలును. పాత ధరకే ఖర్చు 1,72,800 రూపాయలు, మిగులు 86,400 రూపాయలు. ధర పది రూపాయలు పెరుగుట వలన కలుగు నష్టమునకు ఇది మూడు రెట్లకు మించిన లాభము. అందరి చర్చయు ధర మీదనే జరుగును. ట్రాక్టరు ఎన్ని గంటలు తిరుగవలెను అని ఎవరును అడుగరు.

కనుక బడ్జెటు సమావేశములో డీజిలు పద్దుకు ఒక్క అంకె గాక మూడు వ్రాయించుడు. తక్కువైనచో ఇంత, మామూలుగా ఇంత, ఎక్కువైనచో ఇంత. మామూలు అంకెను పద్దులో చేర్చి, ఎక్కువ అంకెకును దానికిని గల తేడాను ఏ పద్దు నుండి సర్దవలెనో అప్పుడే నిర్ణయింపుడు. ప్రతి అంకె ప్రక్కన దాని అనుకోలును కూడ మినిట్సు పుస్తకములో ఎక్కించుడు: ఎన్ని గంటలు, లీటరు ఎంత ధర, చెత్త వేయు చోటు ఎంత దూరము, ట్యాంకరు ఎన్ని నెలలు. ఆరు మాసములు గడచిన తరువాత లాగు పుస్తకమును ఆ పుటను ప్రక్కప్రక్కన పెట్టి చదివినచో ఏ అనుకోలు తప్పినదో గ్రామ కార్యదర్శి వ్రేలు పెట్టి చూపగలడు. మిగిలిన సంవత్సరమునకు అప్పటి నుండి ఆ ఒక్క అంకెను సరిచేసికొన్న చాలును.